రెండో అట్టు

వారమంతా పురుగుమందుల కొట్లో కూర్చునే మనిషికి ఆదివారం పూట గరిటె పట్టుకోవాలనిపించడంలో తప్పేమీ లేదు. కాకపోతే శశాంక్‌కి వంట మీద మోజు ఒకెత్తు, పదిమందీ తిని "అబ్బ, ఏం చేశావయ్యా!" అనాలన్న మోజు పదెత్తులు. ఆ రెండోదే కొంప ముంచింది.

జూలై ఆఖరి ఆదివారం తెలతెలవారుతుండగానే లేచి, తల్లి నాగేశ్వరమ్మకి నిద్రాభంగం కాకుండా వంటింటి తలుపు దగ్గరగా వేసి, ఉల్లిపాయలు ముందేసుకుని కూర్చున్నాడు. పెసలు ముందురోజే నానేశాడు. గుప్పెడు బియ్యం, అల్లం, పచ్చిమిరపకాయలు, జీలకర్ర వేసి మిక్సీ పట్టి పిండి పక్కన పెట్టాడు. ఉల్లిపాయలు సన్నగా, పొడుగ్గా చీరి, మూకుట్లో వెన్న కరిగించి అందులో పోసి, సన్నసెగ మీద కలపడం మొదలుపెట్టాడు. అడుగంటకూడదు, మాడకూడదు. తెల్లగా ఉన్నవి బంగారు రంగుకి రావాలి, బంగారు రంగువి బెల్లం రంగుకి తిరగాలి. ముప్పావుగంట పట్టింది. ఫోనులో ఎవరో ఫ్రాన్సు వంటవాడు అలాగే చేశాడు మరి.

ఆ తర్వాత ఫ్రిజ్‌లో కరివేపాకు కవరు వెనక, పాత పేపరు చుట్టి దాచిన సీసా బయటికి తీశాడు. అది వాళ్ళ బావ సీతారామారావు మామిడికాయల వ్యాపారం మీద నాసిక్ వెళ్ళి తెచ్చిన రెడ్ వైను. శనివారం సాయంత్రం బావాబావమరుదులిద్దరూ మేడ మీద గదిలో టీవీ పెట్టుకుని, ఫ్రాన్సు చుట్టూ మూడు వారాలు సాగే ఆ పెద్ద సైకిల్ పందెం చూస్తూ, వాళ్ళు అక్కడ కొండెక్కుతుంటే వీళ్ళిక్కడ ఆయాసపడుతూ, సగం సీసా ఖాళీ చేశారు. మిగిలిన సగంలోంచి ఓ పెద్ద గ్లాసుడు మూకుట్లో పోశాడు. చుయ్యిమంది. పుల్లటి తియ్యటి వాసన వంటిల్లంతా కమ్ముకుంది. గబగబా కిటికీ తెరిచి, అమ్మ లేచిందేమోనని చెవి రిక్కించి, మళ్ళీ కలపడంలో పడ్డాడు. కాసేపటికి నేరేడుపండు రంగులో, నిగనిగలాడే ముద్ద తయారైంది. వేలితో కాస్త తీసి నాలిక్కి రాసుకుని "ఇదీ సరుకు!" అని తన భుజం తనే తట్టుకున్నాడు.

భార్య వినీల వచ్చి మూత ఎత్తి చూసింది.

"ఇదేంటండీ, ఈ రంగు?"

"ఫ్రెంచి ఉల్లిపచ్చడి. పెసరట్టు మీదకి."

"ఈ వాసనేంటి?"

"నెమ్మదిగా మాట్లాడు, అమ్మ వింటుంది."

"మీ వంటకీ మీ సీసాకీ ఓ దణ్ణం" అని ఆవిడ మూత పడేసి వెళ్ళిపోయింది. అరగంటలో శశాంక్ హెల్మెట్ పెట్టుకుని సైకిలెక్కాడు.

సైకిళ్ళ జట్టులో మొత్తం ఆరుగురు. ప్రతి ఆదివారం పొద్దున్నే తిరువూరు బోసుబొమ్మ సెంటర్లో కలుసుకుని వినగడప దాకా తొక్కి వెనక్కి రావడం, తర్వాత అందరూ ఒకరింట్లో టిఫిన్ తినడం. ఆ టిఫిన్‌కి ఓ కట్టుబాటుంది: ఆ ఇంటి మగవాడు సొంత చేత్తో వండాలి, ఆడవాళ్ళు వంటింట్లోకి రాకూడదు. వాళ్ళల్లో ముగ్గురికి ఉప్మా తప్ప ఇంకోటి రాదు కాబట్టి జనం శశాంక్ వంతు కోసం ఎదురుచూస్తారు. అదీగాక పందెం నడిచే జూలై నెలలో ఇంకో ముచ్చట కూడా పెట్టుకున్నారు. ముందుగా వచ్చినవాడికి పసుపు రంగు టీషర్టు. అక్కడ ఫ్రాన్సులో ముందున్నవాడికి ఇచ్చినట్టు. ఆ చొక్కా వేసుకున్నవాడికే పెనం మీది మొదటి అట్టు.

మొదట వచ్చేవాడెవరో అందరికీ తెలుసు. ముషారఫ్. సెంటర్లో సైకిల్ షాపు ఖాదర్‌బాషా కొడుకు. జట్టులో అందరి సైకిళ్ళకీ గేర్లు సరిచేసేదీ, చక్రాల వంకర తీసేదీ అతనే. తన సైకిలు మాత్రం నాలుగు పాత సైకిళ్ళ భాగాలు కలిపి తయారుచేసుకున్నాడు. బావ సీతారామారావుది ఫారిన్ సైకిలు, తొక్కే పొట్ట మాత్రం అచ్చంగా వాళ్ళూరు ఎ.కొండూరుది. ముషారఫ్ వెనక్కి తిరిగొచ్చి, సైకిల్ స్టాండు వేసి, చెమట తుడుచుకుని, తన టైర్లలో గాలి చూసుకుంటుంటే అప్పుడు మిగతావాళ్ళు సందు మలుపు తిరిగేవాళ్ళు. అంత జరిగినా ఒక్కనాడూ లోపలికొచ్చి తినలేదు. "కొట్టు తియ్యాలన్నా" అని టీ మాత్రం తాగి వెళ్ళిపోయేవాడు. పసుపు చొక్కా రెండో స్థానం వాడికి పడేసేవాడు.

ఆరోజు బావ ఊరుకోలేదు. "ఇవాళ పందెం ఆఖరి రోజు. పసుపు చొక్కా ఇంకోడికి ఇస్తే ఒప్పుకునేది లేదు. ఒరేయ్ శశాంకూ, మొదటి అట్టు ముషారఫ్‌కి!" అని కేక పెట్టి, రెక్క పట్టుకుని లోపలికి లాక్కొచ్చి, హాల్లో బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

వంటింట్లో శశాంక్ పెనం మీద ఉల్లిపాయ ముక్కతో నూనె రాస్తున్నాడు. కేక విన్నాడు. వినగానే గుర్తుకు రావాలి కదా! రాలేదు. ముషారఫ్ తింటాడంటే సంబరమేసింది. ఇన్నాళ్ళకి తింటున్నాడు, అదీ తన చేతి వంట. పిండి గరిటెడు పోసి, పల్చగా తిప్పి, అంచుల వెంట నెయ్యి వేసి, ఎర్రగా కాల్చి, అట్లకాడతో మడిచి, పళ్ళెంలో వేసి తనే పట్టుకెళ్ళి ఇచ్చాడు. ఉల్లిపచ్చడి గిన్నె అప్పటికే బల్ల మీదుంది. రెండో అట్టు పొయ్యడానికి మళ్ళీ లోపలికెళ్ళాడు. పచ్చడి వడ్డించింది బావ. దండిగా రెండు చెంచాలు.

రెండో అట్టుతో బయటికొచ్చేసరికి ముషారఫ్ పళ్ళెంలో సగం లేదు. అట్టుముక్కతో పచ్చడి ఊడ్చుకుని తింటున్నాడు. అప్పుడు తగిలింది శశాంక్‌కి. ఆ పచ్చడిలో ఉన్నది వైను, ముషారఫ్ ముట్టనిది. బావ వంక చూశాడు. బావ మీసాల చాటున నవ్వుతూ కన్నుగీటాడు.

"అన్నా, ఏంటన్నా ఇది! ఇంత బాగుందేంటి? ఏం కలిపావు?" అన్నాడు ముషారఫ్.

అక్కడ నోరు తెరిచి ఉంటే ఏమీ లేదు. "ఆగు ముషారఫ్, తినకు, పొరపాటైంది" అంటే సరిపోయేది. అతను లేచి నోరు కడుక్కునేవాడు, బాధపడేవాడు, అయిపోయేది. కానీ ఐదుగురు తన మొహంకేసి చూస్తున్నారు. పక్కగదిలో అమ్మ కాఫీ తాగుతోంది. అందరి పళ్ళేలూ ఇంకా ఖాళీగా ఉన్నాయి, పొగడ్త అప్పుడే మొదలైంది. శశాంక్ నోటికి అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందంటే, అది తన నోరేనా అని అతనికే అనుమానం వచ్చింది.

"చింతపండు గుజ్జు, బెల్లం" అన్నాడు.

"మరి ఈ రంగు?"

"బీట్‌రూటు."

"తియ్యగా, పుల్లగా భలే ఉందన్నా. ఆ అట్టు నాకే వేసెయ్" అని ముషారఫ్ పళ్ళెం చాచాడు. శశాంక్ రెండో అట్టు వేశాడు. పళ్ళెం అలా చాచే ఉంది కాబట్టి పచ్చడి కూడా వేశాడు. తన చేత్తోనే. బావ చెంచా కాదు, తన చెంచా.

అందరూ వెళ్ళాక వినీల వచ్చి, నూనె మరకలైన గట్టు తుడుస్తూ అడిగింది. "ముషారఫ్ తిన్నాడా?"

"తిన్నాడు."

"అందులో ఏం పోశారో చెప్పారా?"

శశాంక్ మూకుడు రుద్దుతున్నాడు. రుద్దిన చోటే రుద్దుతున్నాడు. "ఉడికాక అందులో ఏమీ మిగలదు వినీలా. అంతా ఆవిరైపోతుంది."

"ఏమీ మిగలకపోతే పొయ్యడమెందుకు?"

మధ్యాహ్నం మంచమ్మీద పడుకుని ఫోనులో వెతికాడు. ఒకచోట ఆవిరైపోతుందని ఉంది, నాలుగు చోట్ల కొంత మిగులుతుందని ఉంది. ఆ ఒక్కటే మూడుసార్లు చదువుకున్నాడు. రాత్రి టీవీలో పందెం ఆఖరి ఘట్టం వచ్చింది. గెలిచినవాడు చేతిలో పూలగుత్తితో పసుపు చొక్కా వేసుకుని నవ్వుతుంటే, చూడలేక కట్టేశాడు.

సోమవారం కొట్లో గిరాకీ బాగానే ఉంది. పత్తి మొక్కలకి రసంపీల్చే పురుగు తగిలిందని రైతులు వరసగా వస్తున్నారు. శశాంక్‌కి ఓ పద్ధతుంది. మందు డబ్బా ఇచ్చి పంపెయ్యడు. ఏ మందులో ఏది కలపాలో, ఏది కలపకూడదో, ట్యాంకుకి ఎన్ని మిల్లీలో చీటీ మీద రాసి, చదివి వినిపించి, చేతిలో పెడతాడు. "తెలియకుండా ఏదీ కలపొద్దు. కలిపితే ఏం కలిపావో నాకు చెప్పు" అంటాడు. పన్నెండేళ్ళలో తప్పు చీటీ ఒక్కటి కూడా రాయలేదని చుట్టుపక్కల ఊళ్ళల్లో పేరు.

పదకొండింటికి ముషారఫ్ వచ్చాడు. చేతిలో స్టీలు డబ్బా ఉంది. శశాంక్ గుమ్మడికాయల దొంగలా ఉలిక్కిపడి, అనవసరంగా భుజాలు సర్దుకున్నాడు.

"అమ్మీ పంపిందన్నా. సొరకాయ ఖీర్" అని డబ్బా బల్ల మీద పెట్టాడు. తర్వాత కాసేపు మందు సీసాల వంక చూస్తూ నిలబడ్డాడు. "నీ పచ్చడి గురించి ఇంట్లో చెప్పా. ఎలా చేశావో రాసిమ్మంది అమ్మీ."

శశాంక్ అదే చీటీల కట్ట లాక్కున్నాడు. పత్తి మందుల కంపెనీ బొమ్మ ఉన్న చీటీ. అందులో రాశాడు: ఉల్లిపాయలు, వెన్న, చింతపండు గుజ్జు, బెల్లం, బీట్‌రూటు తురుము. చేతిరాత వంకర పోయింది. రాసి ఇచ్చాడు. ముషారఫ్ దాన్ని చాలాసేపు చదివాడు. అయిదు వస్తువులకి అంతసేపు చదవాల్సిన పనిలేదు.

"ఇంతేనా అన్నా?"

"ఇంతే."

"ఇంకేమీ లేదా? మర్చిపోయావేమో, చూసుకో."

"లేదు ముషారఫ్. ఇంతే."

ముషారఫ్ చీటీ నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, "సరేలే" అని వెళ్ళిపోయాడు. డబ్బాలో ఖీర్ ఎలా ఉందో శశాంక్‌కి తెలియదు. మూత తియ్యడానికి చెయ్యి రాలేదు. గుమాస్తాకి ఇచ్చేశాడు. ఆ గుమాస్తా రెండుసార్లు నాక్కుని తిని "మహత్తరంగా ఉంది సార్" అన్నాడు. ఆ మాట కూడా గుచ్చుకుంది.

బావకి ఫోన్ చేశాడు. "బావా, ఆ ముషారఫ్ సంగతి ఎవరితోనూ అనకు."

"నేనెవరితో అంటానురా?" అని బావ కాస్త ఆగి, "అయినా నువ్వేమన్నా బలవంతాన తాగించావా? చెంచాడు పచ్చడి. వాడికి తెలియదు, నీకు తెలుసు, ఆ దేవుడికి పనిలేదు. వదిలెయ్" అన్నాడు. తర్వాత తోటలో కొమ్మలు కొట్టించడం గురించి అరగంట మాట్లాడాడు. శశాంక్‌కి ఒక్క ముక్క చెవికెక్కలేదు.

మంగళవారం సాయంత్రం ముషారఫ్ తల్లి రోషన్ బీ తనే ఫోన్ చేసింది.

"బాబూ, నీ పచ్చడి నాకు కుదర్లేదయ్యా. నువ్వు రాసినట్టే చేశా. వీడు తిని, అది కాదు అమ్మీ అన్నాడు. నువ్వు ఒక్కసారి మా ఇంటికొచ్చి చేసి చూపించు. గురువారం రా. మీ బాబాయి కూడా ఉంటారు."

"అలాగే అమ్మా" అన్నాడు శశాంక్. ఇంకేమంటాడు? కుడితిలో పడ్డ ఎలక అలాగే అంటుంది. ఫోన్ పెట్టేశాక సంగతంతా వినీలకి చెప్పాడు.

"వెళ్ళి చెప్పెయ్యండి" అంది వినీల. విసుగ్గా కాదు, మెల్లగానే అంది. "ఆవిడ పెద్దావిడ. నాలుగు తిడుతుంది. తిట్టించుకోండి. మీకు తిట్లు పడాల్సిందే."

బుధవారమంతా శశాంక్ ఒక వాక్యం తయారుచేసుకున్నాడు. "అమ్మా, ఆ రోజు పచ్చడిలో వైను పోశాను, ముషారఫ్ తింటాడనుకోలేదు, అడిగినప్పుడు భయపడి అబద్ధం చెప్పాను." స్నానం చేస్తూ అనుకున్నాడు, బండి తోలుతూ అనుకున్నాడు. అనుకున్న ప్రతిసారీ "భయపడి" అనే చోట ఆగిపోయాడు. ఎందుకంటే భయం కాదది. తన మొహం చిన్నబోతుందని. అంతే. భయమంటే కాస్త గౌరవంగా ఉంటుందని ఆ మాట పెట్టుకున్నాడు. ఛీ, అబద్ధం ఒప్పుకునే వాక్యంలో కూడా ఇంకో అబద్ధం!

గురువారం సాయంత్రం షాపు వెనకనున్న వాళ్ళింటికి వెళ్ళాడు. ఖాదర్‌బాషా గుమ్మంలోనే కూర్చుని సైకిల్ ట్యూబుకి అతుకు వేస్తున్నాడు. ట్యూబుని నీళ్ళ బేసిన్లో ముంచి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూసి, అగ్గిపుల్లతో అక్కడ గుర్తు పెట్టాడు. "రా బాబూ, రా. మా ఆవిడ పొద్దుట్నించీ నీకోసం వంటిల్లు కడుగుతోంది" అని నవ్వాడు.

నిజమే. వంటిల్లు అద్దంలా ఉంది. గట్టు మీద కొత్త మూకుడు, ఒలిచిన ఉల్లిపాయలు, వెన్న, బెల్లం, చింతపండు, కడిగిన బీట్‌రూటు దుంపలు వరసగా పెట్టి ఉన్నాయి. శశాంక్ రాసిచ్చిన చీటీ గోడకి సూదితో గుచ్చి ఉంది. రోషన్ బీ ఎత్తు పీట వేసి, కొంగుతో తుడిచి, "కూర్చో బాబూ. నువ్వు చెప్పు, నేను కలుపుతా. కాదు కాదు, నువ్వే కలుపు, నేను చూస్తా" అంది.

"అమ్మా, నేను మీకో సంగతి..." అన్నాడు శశాంక్.

"ఉండు, ముందు నా మాట విను. ఎన్నాళ్ళ నుంచో చెప్పాలనుకుంటున్నా. బెజవాడలో పోయినేడు పోటీలప్పుడు మీరంతా వెళ్ళారే, అక్కడ భోజనాల దగ్గర కోడికూర పెట్టారంట కదా. మా వాడు మొహమాటపడి గమ్మునుంటే, నువ్వెళ్ళి వంటవాళ్ళని అడిగావంట, హలాలేనా అని. కాదన్నారని నువ్వూ తినకుండా, వాడితో కలిసి పెరుగన్నం తిన్నావంట. వాడు ఇంటికొచ్చి చెప్తే నాకు ఏడుపొచ్చింది బాబూ. కన్నతల్లిని, నేను అక్కడ లేను. నువ్వున్నావు."

శశాంక్ పీట మీద కూర్చుండిపోయాడు. తయారుచేసుకున్న వాక్యం ఒక్క అక్షరం మిగల్లేదు. రోషన్ బీ పొయ్యి వెలిగించింది.

చేశాడు. వెన్న కరిగించాడు, ఉల్లిపాయలు వేశాడు, సన్నసెగ మీద కలిపాడు. ఆవిడ పక్కన నిలబడి, ఎప్పుడు రంగు తిరుగుతోందో, ఎప్పుడు సెగ తగ్గిస్తున్నాడో వంగి వంగి చూసింది. "ఓ, ఇంతసేపు వేయించాలా! నేను తొందరపడ్డా" అంది. చింతపండు గుజ్జు పోశాడు. బెల్లం చిదిమి వేశాడు. బీట్‌రూటు తురిమి వేస్తే మూకుడంతా పెళ్ళి పందిరిలా గులాబీరంగైంది. ఆదివారం నాటి నేరేడుపండు రంగుకీ దీనికీ సంబంధమే లేదు. చేతులు రెండూ ఎర్రగా అయిపోయాయి. కడుక్కుంటే పోలేదు.

రోషన్ బీ చెంచాతో తీసుకుని రుచి చూసింది. మొహం మీద చిన్న అనుమానం కదిలింది గానీ, పెద్దమనిషి కాబట్టి దాచుకుంది. "బాగుంది బాబూ" అంది. ఖాదర్‌బాషా కూడా చప్పరించి "చపాతీలోకి బాగుంటుంది" అన్నాడు. అంతలో ముషారఫ్ షాపులోంచి వచ్చాడు. చేతులకి గ్రీజు, మోకాళ్ళకి మట్టి. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, తుడుచుకుని, తల్లి పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"చూడరా, ఇదేనా నువ్వు చెప్పింది? నేను చేసిందీ ఇలాగే వచ్చిందనిపిస్తోంది నాకు" అని తల్లి పళ్ళెంలో చపాతీ, పచ్చడి పెట్టింది.

ముషారఫ్ ముక్క తుంచి, పచ్చడి అద్దుకుని, నోట్లో పెట్టుకుని నమిలాడు. అతని నాలుక ఎలాంటిదో శశాంక్‌కి తెలుసు. టీలో యాలక్కాయ ఒకటి పడిందా రెండు పడ్డాయా చెప్పేవాడు. గులాబీరంగు బెల్లం ముద్దకీ ఆ రోజుదానికీ తేడా చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. "అది కాదు" అంటాడు. అన్నాక తల్లి "మరి అందులో ఇంకేముంది?" అని అడుగుతుంది. ఇక దాక్కోడానికి చోటుండదు. ఒక రకంగా శశాంక్‌కి అదే కావాలనిపించింది. తన నోటితో చెప్పలేనిది వాళ్ళైనా లాగేస్తే బాగుండు.

ముషారఫ్ మింగాడు. శశాంక్ వైపు ఒక్కసారి చూశాడు. తర్వాత తల్లి వైపు తిరిగాడు.

"ఇదే అమ్మీ" అన్నాడు. "అచ్చం ఇదే. ఆ రోజు వినగడప దాకా తొక్కి ఆకలి మీదున్నా కదా, అందుకని ఇంకా గొప్పగా అనిపించి ఉంటుంది."

"నే చెప్పలా!" అని రోషన్ బీ మొహం వికసించింది. "నా చేతిలో తప్పేమీ లేదన్నమాట!"

ముషారఫ్ పళ్ళెం ఊడ్చి తిన్నాడు. శశాంక్‌కి చెంప మీద కొట్టినట్టయింది. కొట్టి ఉంటే నయం. అతనికి తెలుసు. అంతా తెలుసు. తెలిసి, తల్లి ముందు తన పరువు కాపాడాడు, ఆమెకి అబద్ధం చెప్పి మరీ. ఆ ఇంట్లో ఆ పూట శశాంక్ కోసం అబద్ధమాడింది ఆ అట్టు తిన్నవాడే.

వెళ్తానని లేచాడు. ముషారఫ్ వాకిట్లోకి వెంట వచ్చాడు. శశాంక్ సైకిలు గోడకి ఆనించి ఉంటే, అలవాటు కొద్దీ వంగి చెయిన్ నొక్కి చూశాడు.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు శశాంక్.

"ఆదివారం సాయంత్రమే. మీ బావగారు గేరు సరిచేయించుకోడానికి వచ్చి, నవ్వుతూ చెప్పారు. ఆయనకి అది నవ్వుకునే సంగతి."

ఫోనులో "వాడికి తెలియదు" అన్నప్పుడే బావ తనకి అబద్ధం చెప్పాడన్నమాట.

"మరి సోమవారం చీటీ..."

"నేనే అడిగా. అమ్మీ కాదు. రాసేటప్పుడైనా చెప్తావని. ఇంకేమీ లేదా అని మళ్ళీ అడిగా కదా. ఇవాళ అమ్మీతో పిలిపించింది కూడా నేనే. మా ఇంటికొచ్చి, మా పొయ్యి దగ్గర కూర్చుంటే చెప్తావనుకున్నా."

"చెప్దామనే వచ్చా ముషారఫ్. ఒట్టు. అమ్మ ఆ బెజవాడ సంగతి ఎత్తేసరికి..."

ముషారఫ్ చెయిన్ వదిలి నిలబడ్డాడు. కోపంగా లేడు. అదే శశాంక్‌ని ఇంకా కాల్చింది.

"మొదటి అట్టుకి నేనేమీ అనుకోలేదన్నా. తెలియక పెట్టావు, తెలియక తిన్నా. నాకూ దోషం లేదు, నీకూ లేదు. రెండో అట్టు నేను ఏం కలిపావని అడిగాక పెట్టావు."

శశాంక్ తల వంచుకున్నాడు. బీట్‌రూటు రంగు అంటిన వేళ్ళతో హ్యాండిల్ పట్టుకున్నాడు. "తప్పే. భయపడి కాదు, సిగ్గుపడి కూడా కాదు. అందరూ పొగుడుతున్నారు, ఆపబుద్ధి కాలేదు. అంతే. అంత చిన్న దానికి." ఆ మాటలు అతను తయారుచేసుకున్నవి కావు. "క్షమించు" అన్నాడు. "లోపలికెళ్ళి అమ్మకి ఇప్పుడే చెప్పేస్తా."

"వద్దు." ముషారఫ్ అతని మణికట్టు పట్టుకున్నాడు. "చెప్తే నీ బరువు దిగుతుంది, అమ్మీ నెత్తినెక్కుతుంది. నా గురించి ఏడవదన్నా ఆవిడ, నీ గురించి ఏడుస్తుంది. బెజవాడ సంగతి వీధంతా చెప్పుకుంది."

శశాంక్‌కి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ చెయ్యి విడిపించుకోవాలనిపించలేదు, పట్టుకునే అర్హతా కనిపించలేదు.

"ఆదివారం వస్తావా?" అన్నాడు.

"సైకిల్ తొక్కడానికి వస్తా. తిరువూర్లో నాతో తొక్కేది మీరే కదా." ముషారఫ్ చెయ్యి వదిలేశాడు. "టిఫిన్‌కి మాత్రం రాను. ఎవరన్నా అడిగితే కొట్టు తియ్యాలని చెప్తాలే, పాత మాటే."

శశాంక్ తలూపాడు. ఇంతలో రోషన్ బీ చెప్పులు వేసుకుని గబగబా వాకిట్లోకి వచ్చింది. చేతిలో మూత బిగించిన గిన్నె ఉంది.

"ఇదిగో బాబూ, సగం పచ్చడి మీ అమ్మగారికి పట్టుకెళ్ళు. నాగేశ్వరమ్మగార్ని అడిగానని చెప్పు." గిన్నె అతని సంచిలో తనే పెట్టి, సంచి తాడు ముడివేసింది. "ఆదివారాలు వీడు ఊరికే టీ తాగి వచ్చేస్తాడంట. ఇక మీదట పెట్టకుండా పంపకు. బయట ఎక్కడ ఏం తింటాడో, అందులో ఏం కలుపుతారోనని నాకు ఎప్పుడూ దిగులే. నీ ఇంట్లో అయితే నాకు నిశ్చింత. ఏం, పెడతావుగా?"

శశాంక్ ముషారఫ్ వైపు చూడలేకపోయాడు. చూడకపోయినా, అతను ఇంకో వైపు మొహం తిప్పుకున్నాడని తెలుస్తూనే ఉంది.

"పెడతానమ్మా" అన్నాడు.